జగిత్యాల మైదానంలో ఎర్ర మీట

ఈ సంగతిని రాసిపెట్టవలసిన అవసరం నా వీడ్కోలు సభనాడు కలిగింది. మోటారు వాహనాల తనిఖీ అధికారిగా చివరి సంతకం చేసి, శాలువా కప్పించుకొని, మెడలో బంతిపూల దండతో కూర్చున్నాను. మా కార్యాలయపు హోంగార్డు మైకు అందుకొని, "సార్ గిట్ల ఒక్క వేలు ఒత్తిండు. నాయి అయిదు వేళ్లు మిగిలినయి" అని తన కుడిచేతిని సభకంతటికీ ఎత్తి చూపించాడు. సభ చప్పట్లు కొట్టింది. కాదని చెప్పడానికి లేవబోయాను. అంతలో ఛాయాచిత్రకారుడు నా గడ్డం పట్టుకొని తనవైపు తిప్పుకొని, "జెర నవ్వుండ్రి సార్" అన్నాడు. నవ్వాను. ఆ నవ్వును అందరూ అంగీకారంగా భావించారు.

ఆ తరువాత కథ నా చేయి దాటిపోయింది. ఈ మధ్య కోరుట్లలో ఒక పెళ్లికి వెళ్తే, నేనెవరో తెలియని ఒక పెద్దమనిషి పక్కన కూర్చొని నా కథను నాకే చెప్పాడు. అందులో నేను పరుగెత్తుతున్న బండి మీదికి దూకాను. నడుముకు పట్టీ కట్టుకొని భోజనాల బంతిలో కూర్చున్న నేను ఆ సాహసాన్ని చివరిదాకా మర్యాదగా విన్నాను. వరుస తప్పినదాన్ని వరుసలో పెట్టడం నా వృత్తిగా ఉండేది. నా గురించే వరుస తప్పిన మాట ఊళ్లు తిరుగుతుంటే చూస్తూ ఊరుకోవడం నాకు చేతకాదు. ఆనాడు మీట నొక్కిన వేలు నాది కాదు. అది ఎవరిదో, అంత వేగంగా అక్కడికి ఎలా చేరిందో ఈ శాఖలోకి కొత్తగా వస్తున్నవారికీ, తెల్లవారితే బండి ఎక్కే యువతీయువకులకూ తెలియాలి. ఎవరి పేరూ రాయను. వారికి ఇబ్బంది కలిగించడం నా ఉద్దేశం కాదు.

నేను సిరిసిల్లలో కొంతకాలం పనిచేసి జగిత్యాలకు బదిలీ అయ్యాను. ద్విచక్ర వాహనాల లైసెన్సు పరీక్షలు నా బాధ్యత. ఊరి చివర మా కార్యాలయం పక్కనున్న మైదానంలో సున్నంతో ఎనిమిది అంకె గీయించి, అభ్యర్థులను ఒకరి తరువాత ఒకరిగా దాని మీద నడిపించేవాణ్ణి. కాలు కింద పెట్టకుండా ఎనిమిది చుట్టివస్తే పరీక్ష అయిపోయినట్టేనని అందరి నమ్మకం. నా లెక్క వేరు. బండి గీత దాటిన తరువాత ఆపాలి, న్యూట్రల్‌లోకి తేవాలి, ఇంజను కట్టెయ్యాలి, స్టాండు వేయాలి, తాళంచెవి పిడికిట్లో పట్టుకొని నా ముందు నిలబడాలి. అప్పుడే నా కలం కదిలేది. ఈ పట్టుదల వల్ల నాకు కొన్ని బిరుదులు వచ్చాయి. వాటిలో చెప్పదగినది ఒక్కటే: 'బంద్ సార్'.

ఆ పట్టుదల ఊరికే రాలేదు. ఇంజను ఆపడం విషయంలో మా ప్రాంతపు అలవాట్లను ఏళ్ల తరబడి చూశాను. కిరాణా కొట్టు ముందు బండి దిగి, ఇంజను మోగుతుండగానే లోపలికి వెళ్లి ఉప్పు, పప్పు, ఊరి రాజకీయం అన్నీ ముగించుకొని వచ్చేవారు. పెట్రోలు ట్యాంకు మీద కూర్చోబెట్టిన పసివాడు ఈలోగా యాక్సిలరేటరును గిలక్కాయలా తిప్పుతుండేవాడు. అలా గోడకు గుద్దుకున్న బండ్లను తనిఖీ చేయవలసి వచ్చిన రోజుల్లో నాకు అన్నం సహించేది కాదు. దిగుడు రోడ్డు కనబడగానే పెట్రోలు మిగులుతుందని ఇంజను కట్టేసి జారిపోయేవారు మరికొందరు. ఇంజనుతోపాటు దీపమూ హారనూ పోతాయని, తాళం వెనక్కి మరీ తిప్పితే హ్యాండిలే బిగుసుకుపోవచ్చని చెబితే, "గింత దూరమే గద సార్" అనేవారు. ఇంకొందరు గేరులో ఉన్న బండికి క్లచ్చు ఒక్కసారిగా వదిలేసేవారు. అది మేకపోతులా ఒక గెంతు గెంతి చచ్చేది. నడపవలసిన చోట ఆపేవారు, ఆపవలసిన చోట నడిపేవారు.

మా పెద్ద గుమాస్తా ఉర్దూ ఇంటిభాషగా గల పెద్దమనిషి. ఎదుటివాడికి నొప్పి తెలియకుండా చురక వేయడంలో దిట్ట. నా ఉపన్యాసాలు విని విని ఒకనాడు, "సార్, మనోళ్లకు నడిచే మోటరు బంద్ చేసుడంటే మొదలైన పెండ్లి ఆపినట్టే. ఎవ్వడు ఒప్పుకోడు" అన్నాడు. హోంగార్డు మరింత ఉదారుడు. "సార్ చెప్పింది నిజమే సాబ్. గని సార్ చెప్పినట్ల చేసెటోనికి చాయ్ తాగ టైముండదు" అనేవాడు. అతని సొంత బండి కార్యాలయం ముందు ఎప్పుడూ మోగుతూనే ఉండేది.

ఇక ఆమె విషయం.

ముప్ఫై ఏళ్లుంటాయి. పుట్టిల్లు సిరిసిల్ల, మెట్టినిల్లు కథలాపూర్ దగ్గర ఒక పల్లె. భర్త గల్ఫులో ఎలక్ట్రీషియను. అతడు వదిలి వెళ్లిన మోటారు సైకిలే ఆమె వాహనం. చుట్టుపక్కల ఊళ్లు తిరిగి పాల నాణ్యత పరీక్షించే ఉద్యోగానికి ఆమెను ఎంపిక చేశారు. నెలాఖరులోగా లైసెన్సు చూపిస్తే ఉద్యోగంలో చేర్చుకుంటారు, లేకపోతే వరుసలో తరువాతి అభ్యర్థిని పిలుస్తారు. ఆ తరువాతి అభ్యర్థి దగ్గర లైసెన్సు సిద్ధంగా ఉందని నాకు చెప్పినది ఆమె కాదు, ఆమె అత్తగారు.

ఆ అత్తగారిని గురించి ఒక మాట చెప్పాలి. పరీక్షకు వచ్చిన ప్రతిసారీ కోడలి వెంట ఆమె బస్సులో వచ్చేది. బండిని మాత్రం కోడలి తమ్ముడు తోలుకొచ్చి అప్పగించి పనికి వెళ్లిపోయేవాడు. ఆమె వేపచెట్టు నీడలో కాళ్లు చాపుకొని, ఒళ్లో చాట పెట్టుకొని బీడీలు చుట్టేది. చేతులు చాటలో, కళ్లు మైదానం మీద, నోరు మా అందరి మీద. ప్రభుత్వ పరీక్షా మైదానంలో బీడీలేమిటని మొదటిరోజే అడిగాను. "సుడుతున్న సారూ, తాగుతలేను" అంది. చుట్టడాన్ని నిషేధించే నిబంధన ఏదీ చట్టంలో దొరకలేదు.

మొదటి పరీక్షలో కోడలు ఎనిమిదిని చక్కగా చుట్టింది. అంత నిలకడగా నడిపినవారు ఆ ఉదయం మరెవరూ లేరు. గీత దాటి నా ముందుకు వచ్చి ఆగింది. ఇంజను మోగుతూనే ఉంది.

"ఇంజను ఆపమ్మా."

"ఉండనీ సార్."

"ఉండనివ్వడానికి అదేమైనా పొయ్యి మీది ఎసరా? ఆపు."

ఆమె తల వంచుకొంది. "బంద్ చేస్తే మల్ల లేవది సార్. సెల్ఫ్ పోయింది. కిక్కు కొట్టుడు నాతోని అయితలేదు. మా తమ్ముడు పొద్దుగాల కొట్టిచ్చి పోయిండు."

"పొద్దుటినుంచీ ఇలాగే మోగుతోందా?"

"అవు సార్. పొద్దుగాలసంది."

చెట్టు కింది నుంచి గొంతు లేచింది. "సారూ, నడిచేదాన్ని నడ్వనియ్యక ఆపుమంటవేంది? బండికి నడుపుడు రావాల్నా, ఆపుడు రావాల్నా?"

"రెండూ రావాలవ్వా."

"మరి లైసెన్సు నడిపేటందుకే ఇస్తరు గద! ఆపేటందుకు గూడ ఇంకోటి ఇస్తరా?"

వరుసలో ఉన్న కుర్రవాళ్లు గొల్లుమన్నారు. నేను ఉత్తీర్ణత నిరాకరించాను. వారం తరువాత మళ్లీ రమ్మన్నాను. గుమాస్తా నా వైపు చూసిన చూపులో 'కసాయి' అనే మాట మర్యాదగా ఇమిడి ఉంది.

ఇక్కడ యంత్రం గురించి కొంచెం చెప్పక తప్పదు. ఆ బండికి తాళం బాగా అరిగిపోయింది. చెవి తిప్పినా ఇంజను ఆగదు. అందుకని ఆ ఇంట్లో దాన్ని ఆపడానికి కుడి హ్యాండిలు మీద బొటనవేలికి అందే ఎర్ర మీటనే వాడేవారు. ఆ మీట ఇంజనును ఆపుతుంది గాని తాళం తెరిచినట్టే ఉండిపోతుంది. రాత్రంతా అలా ఉంటే బ్యాటరీ నీరసించిపోతుంది. బ్యాటరీ పోతే సెల్ఫ్‌తో మొదలుపెట్టే సౌకర్యం పోయి కిక్కు తన్నవలసి వస్తుంది. కిక్కు తన్నలేని మనిషి బండిని ఆపడానికే భయపడుతుంది. ఒక అరిగిన తాళం ఆమెను ఇంతదాకా తెచ్చింది. ఇదంతా నాకు తరువాత తెలిసింది. ఆ రోజు నాకు తెలిసినది ఇంజను మోగుతోందన్న ఒక్కటే.

రెండో పరీక్షకు ఆమె ఇంజను ఆపింది. ఎర్ర మీట నొక్కి, స్టాండు వేసి, తాళంచెవి పిడికిట్లో పట్టుకొని దిగి నిలబడింది. నాకు సంతోషం కలిగింది. ఆ సంతోషంలో, "చాలా బాగుందమ్మా, ఇప్పుడు మళ్లీ మొదలుపెట్టి బండిని అక్కడ పెట్టిరా" అన్నాను. ఆమె కిక్కు మీద కాలు వేసింది. తన్నింది. మళ్లీ తన్నింది. చెమటలు పట్టాయి. కిక్కు వెనక్కి తన్ని ఆమె పిక్కకు తగిలింది. ఇంజను మాత్రం దగ్గనైనా లేదు.

గుమాస్తా నా చెవిదగ్గరికి వచ్చాడు. "సార్, కానూన్‌ల కిక్కు కొట్టుడు పరీక్ష ఉన్నదా?"

"బండి అదుపులో ఉండాలని ఉంది."

"నిలబడ్డ బండి కంటె అదుపుల ఉన్న బండి ఏముంటది సార్?"

"రేపు వాగు మీద, మలుపులో ఇంజను ఆగిపోతే, వెనకనుంచి లారీ వస్తుంటే ఈ ప్రశ్న లారీని అడుగుదామా?"

నేను మళ్లీ నిరాకరించాను. అత్తగారు చాట మూట గట్టుకుంటూ కోడలితో, నాకు వినబడేటంత మెల్లగా, "నడ్వు బిడ్డా. గీ సారుకు మొన్న ఆపుడు గావాలె, ఇయ్యాల లేపుడు గావాలె. వచ్చేవారం బండిని ఎత్తుకొని ఉరుకుమంటడు" అంది.

ఆ మధ్యాహ్నం వారు వెంటనే బస్సెక్కలేదు. కార్యాలయం వెనక హోంగార్డు ఆమెకు కిక్కు నేర్పడం నేను కిటికీలోంచి చూశాను. చూడనట్టు దస్త్రం తిప్పుకుంటూ కూర్చున్నాను.

"చెల్లె, నువ్వు పగబట్టినట్టు తన్నుతున్నవు. బండి మీద పగేంది? ముందు కాలు మెల్లగ దించు. యాడనో గట్టిగ తగులుతది. తగిలిందా? ఆ, ఇప్పుడు పైకి రానియ్యి. గిప్పుడు పెయ్యిని మొత్తం దాని మీద ఒదులు. కాలుతోని కాదు, పెయ్యితోని, ఒంటి బరువంతటితోని."

"మెట్టు దిగినట్టా అన్నా?"

"ఆ! మెట్టు దిగినట్టే."

అత్తగారు పక్కన నిలబడి, "మెల్లగ... మెల్లగ... ఇగ దుంకు!" అని లయగా చెబుతోంది. ఇంజను ఒక్కసారి దగ్గింది. ముగ్గురూ కేక వేశారు. దస్త్రం వెనక నేనుకూడా కొంచెం కదిలి ఉంటాను. గుమాస్తా, "సార్, ఆ దస్త్రం తలకిందులు పట్టుకున్నరు" అన్నాడు. అది అబద్ధం. నేను దస్త్రాన్ని సరిగానే పట్టుకున్నాను.

మూడో పరీక్ష నాటికి నెలాఖరు వచ్చేసింది. ఆనాడు లైసెన్సు దొరకకపోతే ఉద్యోగం మరొకరికి పోతుంది. ఆమె ముందే వచ్చి మైదానం పక్కన బండిని ఆపుతూ, లేపుతూ, ఆపుతూ సాధన చేస్తోంది. ఎర్ర మీట, దిగడం, ఎక్కడం, కిక్కు. మళ్లీ ఎర్ర మీట. నేను దూరంనుంచే చూసి లోలోపల ముచ్చటపడ్డాను. ముఖం మాత్రం ఎప్పటిలాగే పెట్టుకున్నాను.

ఆ బండి చైను కీచుమంటోంది. హోంగార్డుకు జాలి కలిగింది. "చెల్లె, చైను గిట్ల మొత్తుకుంటుంటే సార్ చెవుల పడితే దానికి గూడ ఫెయిల్ చేస్తడు. ఆగు, జెర నూనె పోస్త" అన్నాడు. అతని ఉద్దేశం మంచిది, పద్ధతి మాత్రం మన ఊళ్లన్నింటిలో చూసేదే. బండిని మధ్య స్టాండు మీద నిలబెట్టాడు. ఇంజను నడుస్తుండగానే మొదటి గేరులో వేశాడు. వెనక చక్రం గాలిలో తిరుగుతుంటే, చైను తానే తిరుగుతూ నూనె తాగుతుందన్నమాట. చైను ఎడమవైపు ఉంటుంది గనుక అక్కడ గొంతుక్కూర్చొని, ఎడమచేత్తో నూనె పోస్తూ కుడిచేత్తో పాత లుంగీ పేలిక పట్టి తుడవసాగాడు. ఆమె కుడివైపు నిలబడి, బండి కదలకుండా హ్యాండిలు పట్టుకుంది.

నాకు ఆ దృశ్యం కనబడింది. అరుస్తూ అటు నడిచాను. నేను చేరేలోపే పేలిక కొస చైనుతోపాటు లోపలికి వెళ్లి చక్రం ఇరుసుకు చుట్టుకోవడం మొదలుపెట్టింది. రెండో కొస అతని వేళ్లకు మెలిపడి ఉంది. అతడు వెనక్కి లాగాడు. లాగినకొద్దీ మెలి బిగిసింది. "గుంజుతాంది! సార్, గుంజుతాంది!" అన్నాడు. ఎప్పుడూ వినని గొంతు అది. అతని వేళ్లకూ పళ్ల చక్రానికీ మధ్య జానెడు జాగా ఉంది, ఆ జాగా తగ్గుతోంది. బండి స్టాండు మీద ఊగుతోంది. అది స్టాండు దిగితే గేరులో ఉన్న చక్రం నేలను పట్టుకొని అతణ్ణి ఈడ్చుకుపోతుంది.

అందరూ అరిచారు. ఒకరు చక్రం పట్టుకోబోయారు. నేను పరుగెత్తాను. అంతవరకు కథ నిజమే. ఏళ్ల తరబడి నేను చెప్పిన పాఠం నాకు గుర్తుంది. తాళంచెవి పట్టుకొని తిప్పాను. అది తిరగడం మాట అటుంచి ఊడి నా చేతిలోకి వచ్చింది. ఇంజను నడుస్తూనే ఉంది. చేతిలో తాళంచెవితో, ముందు మోగుతున్న బండితో, మోటారు వాహనాల శాస్త్రంలో పట్టా గల నేను అలా నిలబడ్డాను.

ఇంజను ఆగింది.

కుడి హ్యాండిలు మీద ఆమె బొటనవేలు ఎర్ర మీటను నొక్కి పట్టుకొని ఉంది. ఆగిపోయిన తరువాత కూడా తీయలేదు. అప్పుడు ఆమె కేక వేసింది, "అన్నా!" అని. అందరం ముందు అరిచి ఆ తరువాత ఏం చేద్దామా అని చూశాం. ఆమె ముందు ఆపింది, ఆ తరువాత అరిచింది.

గుమాస్తా కత్తెరతో వచ్చి పేలిక కత్తిరించాడు. హోంగార్డు నేల మీద కూలబడి, కుడిచేతిని ముఖం ముందు పెట్టుకొని వేళ్లు లెక్కపెట్టాడు. బొటనవేలినుంచి మొదలుపెట్టి చివరిదాకా వెళ్లి, నమ్మకం కుదరక వెనక్కి లెక్కపెట్టాడు. చర్మం గీరుకుపోయింది, అంతే.

"ఎన్నున్నయి మియా?" అన్నాడు గుమాస్తా.

"అయిదు సాబ్. అయిదే ఉన్నయి."

"కంగారు పడకు. ఒక చేతికి గన్నే ఇస్తరు."

హోంగార్డు ముందు నవ్వాడు, తరువాత ఏడ్చాడు, మళ్లీ నవ్వాడు. వరుసలో ఉన్నవారంతా నవ్వారు. ఆ రోజు నేను నవ్వానని కొందరు చెబుతారు. ఖండించను.

నేను ఆమెను అడిగాను. "అమ్మా, అంతమందిమి ఉన్నాం. నీకొక్కదానికే ఎలా తోచింది?"

ఆమెకు ప్రశ్న అర్థం కానట్టుంది. "తోచుడేంది సార్? మా నాయినకు సాంచెలుండె. చిన్నప్పటిసంది నేను గూడ నిలబడ్డ. పోగు తెగినా, చెయ్యి తగిలినా, ముందుగాల సాంచె బంద్ వెట్టు, ఆ తర్వాత మొత్తుకో అనేటోడు. మొదలు మొత్తుకున్ననని రెండు సార్లు తన్నులు గూడ తిన్న."

సాంచె అంటే సిరిసిల్లలో మరమగ్గం. అక్కడ పనిచేసిన రోజుల్లో ఆ సందుల్లో నడిచాను. మాట వినబడనంత మోతలో ఒక మనిషి నాలుగు మగ్గాల మధ్య తిరుగుతుంటే, ఏదైనా తేడా రాగానే అతని చేయి అతని కళ్లకంటె ముందు ఆపే పిడి మీద పడడం ఎన్నోసార్లు చూశాను. చూసి, ఎంత చక్కని అలవాటని మెచ్చుకొని, అదే ఊళ్లో బయటికి వచ్చి మోగుతున్న బండ్ల మధ్య ఉపన్యాసం ఇచ్చాను. ఆ రెండింటినీ కలపాలని నాకు తట్టలేదు. ఆమె చేతిలో అవి రెండూ ఎప్పుడో కలిసిపోయాయి. సాంచె పిడి దగ్గర నేర్చిన తొందర, వారం రోజులుగా ఆపి లేపిన సాధన, పనికిరాని తాళం. మూడూ కలిసి ఆ బొటనవేలిని అక్కడ పెట్టాయి. ఆ మూడింటిలో నా వాటా ఏదైనా ఉంటే అది మధ్యదానిలో కొంత. అంతకు మించి స్వీకరించను.

ఆనాటికి పరీక్షలు ఆపేద్దామనుకున్నాను. చెట్టు కింద చాట పక్కన పెట్టి అత్తగారు లేచింది. వచ్చి కోడలి తల నిమిరింది, హోంగార్డు చేయి పట్టుకొని అటూ ఇటూ తిప్పి చూసి వదిలేసింది, ఆ తరువాత నా ముందు నిలబడింది.

"గదంత మంచిగైంది గని సారూ, పరీక్ష పెడ్తవా లేదా? మా బస్సు పోతది."

పరీక్ష పెట్టాను. ముందుగా నా పిడికిట్లో ఇంకా ఉన్న తాళంచెవిని ఆమెకు తిరిగి ఇవ్వవలసి వచ్చింది. "ఇది ఊకె పెట్టుడే సార్, దీంతోని ఏం గాదు" అంటూ ఆమె దాన్ని మర్యాదకు దాని చోట పెట్టింది. హెల్మెట్ పెట్టుకొని పట్టీ బిగించింది. ఎనిమిదిని చుట్టింది. గీత దాటి ఆగింది. ఇంజను ఆపింది, స్టాండు వేసింది, తాళంచెవి పిడికిట్లో పట్టుకొని దిగి నిలబడింది. నేను తల ఊపాను. ఆమె ఎక్కి, కాలు మెల్లగా దించింది. చెట్టు కింది నుంచి, "మెల్లగ... మెల్లగ..." అని గొంతు. మొదటి తన్నుకు దగ్గు మాత్రం వచ్చింది. ఆమె పళ్లు బిగించి, మెట్టు దిగినట్టు ఒంటిని వదిలింది. ఇంజను లేచింది. అభ్యర్థులందరూ తామే ఉత్తీర్ణులైనట్టు అరిచారు. హోంగార్డు తన అయిదు వేళ్లతోనూ చప్పట్లు కొట్టాడు. ఆ శబ్దం నాకు ప్రత్యేకంగా వినబడింది.

ఉత్తీర్ణురాలని రాశాను. కాని వాహనం సంగతి వేరే ఉంది. కొత్త తాళం వేయించి నాకు చూపించేదాకా ఆ బండి రోడ్డెక్కరాదని ఆదేశించాను. "అగో, సారుకు పానం బాగైంది" అంది అత్తగారు. మరునాడే కొత్త తాళం పడింది, ఆమె సమయానికి ఉద్యోగంలో చేరింది. అరిగిన పాత తాళంచెవిని నేను అడిగి తీసుకున్నాను. అది ఇప్పటికీ నా బల్ల మీద ఉంది. ఏ బండినీ అది ఆపలేదు, నన్ను మాత్రం చాలాసార్లు ఆపింది.

హోంగార్డు ఆనాటినుంచి చాయ్‌కి వెళ్తే ఇంజను కట్టేసి వెళ్తాడు. చైనుకు నూనె పోయవలసివస్తే ముందు ఇంజను ఆపి, తాళంచెవి జేబులో వేసుకొని, చక్రాన్ని చేత్తో తిప్పుకుంటాడు. ఎవరైనా ఇంజను నడుస్తుండగా చైను దగ్గర చేయి పెడితే తన కుడిచేయి ఎత్తి చూపించి కథ మొదలుపెడతాడు. పై అధికారి మీది భక్తి కొద్దీ ఆ కథలో వేలు నాదిగా మారింది. మనిషి మంచివాడు. కథ మాత్రం తప్పు.

పెళ్లిలో ఆ సాహసగాథ విని బయటికి వచ్చిన రోజునే కోరుట్ల బజారులో వారిద్దరూ కనిపించారు. కోడలు బండి నడుపుతోంది, వెనక అత్తగారు. అత్తగారి తలమీద హెల్మెట్, ఒళ్లో పాల నమూనాల పెట్టె. నన్ను చూసి ఆగారు. ఆగగానే ఇంజను ఆగింది, నేను అడగకుండానే. కథ ఊళ్లో ఎలా తిరుగుతోందో చెప్పి, నీకు రావలసిన పేరు నాకు వస్తోందమ్మా, దీన్ని సరిదిద్దుతానన్నాను. ఆమె నవ్వి ఊరుకుంది. ఊరుకోనిది అత్తగారు.

"పోనీ తియ్యి సారూ. సంతకాలు వెట్టుడు కాక నీ వేలు ఇంకో పని గూడ చేసిందని లోకం అనుకుంటుంది గద!"

అంతలో పక్కన ఒక యువకుడు బండి మోగుతుండగానే ఫోను తీసి ముచ్చట మొదలుపెట్టాడు. అత్తగారు వెనక సీటు మీదినుంచే అటు తిరిగింది. "కొడుకా, ముందుగాల బంద్ వెట్టు. ఆ తర్వాత ముచ్చట వెట్టు." అతడు ఆమె వైపు, హెల్మెట్ వైపు చూసి ఇంజను ఆపాడు. నా ఉద్యోగకాలమంతా ఉపన్యాసాలతో సాధించలేనిది అంత తేలికగా జరగడం చూసి, అసూయపడ్డానో ఆనందించానో తేల్చుకోకుండానే వారికి నమస్కరించి వచ్చేశాను.

చదువుతున్నవారికి ఒక విన్నపం. జ్ఞాపకం కూడా వాడినకొద్దీ అరిగే తాళమే. ఇంజను రెండో తన్నుకు లేచిందని రాశాను. మూడోదానికని హోంగార్డు వాదిస్తున్నాడు. పేలిక లుంగీది కాదు, తువ్వాలుదని గుమాస్తా అంటున్నాడు. సాంచెల పని గురించి నేను చూసినంతే రాశాను. సిరిసిల్లవారికి అందులో తప్పులు కనబడవచ్చు. ఆనాడు మైదానంలో వరుసలో నిలబడ్డవారు ఎవరైనా దీన్ని చదివితే, నేను మరచినదీ తప్పుగా తలచినదీ దయచేసి దిద్దండి. కృతజ్ఞతతో మార్చి రాసుకుంటాను. మీట నొక్కిన వేలు నాది కాదన్న ఒక్క వాక్యాన్ని మాత్రం ఉన్నది ఉన్నట్టు ఉంచండి.